‘కంకర’ చివరి క్యాసెట్టులో తప్పిన శ్రుతి

ఆదోనిలో ‘కంకర’ అనే పాటల బృందం ఒకటి ఉండేది. దాని చివరి క్యాసెట్టు గురించి ఇప్పటికీ ఎవరో ఒకరు నన్ను అడుగుతుంటారు. చెప్పే ముందు నాకు నేరుగా తెలిసినవాటినీ కేవలం విన్నవాటినీ విడదీయడం అవసరం.

నాకు తెలిసినవి ఇవి. బృందంలో ముగ్గురు. చివరి క్యాసెట్టులో ఆరు పాటలు. ఆ ఆరింటినీ రికార్డు చేసినవాణ్ణి నేనే. గాయకుడి శ్రుతి తప్పిందని ఎమ్మిగనూరు నుంచి ఒక విమర్శ వచ్చింది. ఆ విమర్శ అచ్చయిన కాగితం ఇప్పటికీ నా దగ్గర ఉంది.

విన్నవి మూడు. దూది దుమ్ముకు గాయకుడి గొంతు పోయిందన్నది ఒకటి. క్యాసెట్టులో పాడింది అతను కాదనీ, మద్రాసు నుంచి ఎవరినో పిలిపించారనీ ఇంకొకటి. విమర్శ చదివిన అవమానంతో బృందం విడిపోయిందన్నది మూడోది. మూడోది అబద్ధం. రికార్డింగుకు నెలరోజుల ముందే, ఇదే చివరిదని ముగ్గురూ నా ఎదుటే అనుకున్నారు. మొదటి రెండూ ఎందుకు నిలబడవో చెప్పడానికే ఈ వ్యాసం. శబ్దగ్రహణం పనిలో కొత్తగా చేరేవాళ్లు చదువుతారని ఆశ.

పని ఎలాంటిది

భౌతికశాస్త్రంలో పట్టా పుచ్చుకుని, కొన్నేళ్లు కళాశాల ప్రయోగశాలలో పనిచేసి, డెబ్భైల మధ్యలో ఒక రేడియో మరమ్మతు దుకాణంలో చేరాను. చదువుకున్నవాడు టంకం కర్ర పట్టుకోవడమేమిటని ఇంట్లో వాళ్లు బాధపడ్డారు. దుకాణం యజమాని ఉసేన్ సాబ్ మాత్రం బాధపడలేదు, మురిసిపోనూ లేదు. నా పట్టా కాగితం చూసి, దాన్ని జాగ్రత్తగా మడిచి వెనక్కి ఇచ్చి, ఊడ్చమని చీపురు ఇచ్చాడు.

ఒకసారి తుగ్గలి నుంచి ఒక రైతు రేడియో తెచ్చాడు. మధ్యాహ్నం పూట గరగర తప్ప ఏమీ వినిపించదన్నాడు. నేను మూత విప్పి, కాయిల్ పోయిందని తేల్చి, కొత్తది వేయబోయాను. ఉసేన్ సాబ్ నా చెయ్యి ఆపి, రేడియోను ఎక్కడ పెడతావని రైతును అడిగాడు. బావి దగ్గర, మోటారు స్టార్టరు పక్కన అన్నాడాయన. మధ్యాహ్నమే అక్కడికి కరెంటు వచ్చేది.

“రేడియోకు రోగం లేదప్పా. అది కూసున్న సోటుకు రోగం,” అని ఉసేన్ సాబ్ రేడియోను తిప్పి పంపినాడు.

కాయిల్ బాగోలేదని నేను ఎలా తేల్చానో ఆ సాయంత్రం ఆయన అడిగాడు. చూడగానే అనిపించింది, అంతే. నా మొదటి పాఠం అది. రెండో పాఠానికి చాలా ఎక్కువ మూల్యం పడింది. అదీ నాది కాదు, ఇంకొకరిది.

ఉసేన్ సాబ్ పని మానుకున్నాక స్టేషన్ వీధిలో ఒక మేడమీద గది అద్దెకు తీసుకున్నాను. గోడలకు పరుపులు కొట్టించి రికార్డింగు గది చేశాను. పెద్ద చక్రాలకు చుట్టిన టేపు మీద శబ్దం పట్టే స్పూలు యంత్రం ఒకటి, వాడినది, సంపాదించాను. స్పూలు మీద అసలు పాట పట్టి, దాన్నుంచి క్యాసెట్లకు నకళ్లు తీసేవాణ్ణి. ఉరుసు కవ్వాలీలు, బుర్రకథలు, ఎన్నికల ఉపన్యాసాలు, పురుగుమందుల ప్రకటనలు అన్నీ ఆ గదిలోనే పట్టాను. ఈ వృత్తిలో సగం పని నిశ్శబ్దాన్ని వెతకడమే. ఏ రైలు ఎప్పుడు వస్తుందో నాకు స్టేషన్ మాస్టరంత బాగా తెలుసు.

ఊళ్లో కరెంటు నిలకడగా ఉండదు. అందుకని బరువైన స్టెబిలైజరు ఒకటి తెచ్చి పెట్టాను. వచ్చినవాళ్లందరికీ దాన్ని చూపించేవాణ్ణి. ఆ సంగతి గుర్తొస్తే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ముగ్గురు మనుషులు

మౌలాలి గిటారు, హార్మోనియం వాయించేవాడు. వాళ్ల నాన్న ఇంటింటికీ తిరిగి పరుపుల దూది ఏకేవాడు. విల్లు నారి మోగుతుంటే దూది విచ్చుకునే శబ్దం వింటూ పెరిగినవాడు మౌలాలి. గుంతకల్లు రైల్వే క్వార్టర్లలో ఒక ఇంజన్ డ్రైవరు ఇంట్లో ఎలక్ట్రిక్ గిటారు చూసి, ‘ఇది మా నాయిన విల్లే కదా’ అన్నాడట. ఆ ‘అన్నాడట’ మౌలాలి స్వయంగా చెప్పిన మాటే కనుక రాస్తున్నాను. డ్రమ్ములు బసవరాజువి. అతనిది కన్నడం మాట్లాడే ఇల్లు. ఎగతాళి లేకుండా నోరు తెరిచేవాడు కాదు. బృందానికి ఆ పేరు పెట్టింది అతనే.

“రాక్ పాటలంటారే, ఆ రాక్ అంటే రాయంట కదా. మన ఊరు సుట్టూ రాళ్లే. పెద్ద రాయి అని పేరు పెట్టుకునే మొగం మనకు లేదు. కంకర అందాం,” అన్నాడట.

మూడోవాడు ఖాజా. దూదిని అదిమి బేళ్లుగా కట్టే ప్రెస్సింగ్ మిల్లులో ఆ బేళ్లకు ముద్రలు వేసేవాడు. పాటలు తనే కట్టేవాడు. ఆదోని మాటలో, మార్కెట్ యార్డు మాటలో, అమ్మ ఉర్దూ మాటలో కట్టేవాడు. పెళ్లిళ్లలో సినిమా పాటలు పాడి, జనం అడగకపోయినా చివర్న తనదొకటి పాడేవాడు. సన్నని గొంతు కాదు. నిండుగా, కింద నుంచి వచ్చే గొంతు. దాని గురించి నా చెవికన్నా నమ్మదగ్గ సాక్ష్యం ఇది: మైకు పాడైన రోజున కూడా పెళ్లిపందిరి చివర్న ఉన్నవాళ్లు కదలకుండా విన్నారు. అది నేను చూశాను.

మౌలాలికి పెళ్లయింది. బసవరాజుకు హోస్పేటలో పని దొరికింది. ఒక క్యాసెట్టు చేసి ముగిద్దామనుకున్నారు. మిగిలిన ఇద్దరికీ అది జ్ఞాపకం. ఖాజాకు మాత్రం దారి. సిరుగుప్ప పెళ్లిలో అతని పాట విన్న బళ్లారి ఆర్కెస్ట్రా యజమాని ఒకాయన, కొత్త క్యాసెట్టు పంపమనీ, నచ్చితే ముఖ్య గాయకుడిగా తీసుకుంటాననీ చెప్పిపోయాడు. మిల్లు దుమ్ములో నుంచి బయటపడటానికి ఖాజాకు ఉన్న తలుపు అదొక్కటే. ఈ కథంతా ఆ తలుపు గురించే.

మూడు పొద్దులు, ఒక వాన

ఎండాకాలం చివర్న, పత్తి గింజ తీసే జిన్నింగు మిల్లులు మూతపడి ఊరు సద్దుమణిగాక, మూడు రోజులు పొద్దుటిపూట రికార్డు చేశాం. ప్రతి పాటా అయ్యాక అదే యంత్రం మీద వేసి విన్నాం. అంతా బాగుంది. మూడో రోజు పని కాగానే, అమ్మకు వినిపిస్తానని ఖాజా అడిగితే, అప్పటికప్పుడే ఒక నకలు తీసి ఇచ్చాను.

మిగతా నకళ్లు వారం తర్వాత తీశాను. మంచి వాన పడింది. మా వైపు వాన పడితే చేల మోటార్లన్నీ ఆగిపోతాయి, కరెంటు బాగుంటుంది. ఆ మాట పసిపిల్లలకు కూడా తెలుసు. కరెంటు బాగున్న రోజు దొరికిందని సంతోషపడి, దుకాణాలకు వెళ్లే నకళ్లూ, బళ్లారికి వెళ్లేదీ, ఎమ్మిగనూరు మాస్టారికి వెళ్లేదీ అన్నీ ఒకే రోజున పూర్తిచేశాను. నా వృత్తిలో నేను చేసిన పెద్ద తప్పు ఆ సంతోషం.

విమర్శ

ఎమ్మిగనూరులో శేషగిరి మాస్టారు ఉండేవారు. సంగీతం పాఠాలు చెప్పి విశ్రాంతి తీసుకున్నవారు. ఒక వారపత్రికకు పాటల మీద రాసేవారు. ఎవరినీ పొగడని మనిషని పేరు. ఆయన చదివినదాన్ని బట్టి కాక విన్నదాన్ని బట్టి రాస్తారని నాకు గౌరవం.

హార్మోనియంలో మొదటి తెల్లమెట్టును మా పాటగాళ్లు ‘ఒకటి’ అంటారు, దాని పక్కనున్న నల్లమెట్టును ‘ఒకటిన్నర’ అంటారు. మాస్టారు రాసిందేమిటంటే, ఈ గాయకుడు ఒకటిలోనూ లేడు, ఒకటిన్నరలోనూ లేడు, మధ్యలో వేలాడుతున్నాడు. పాటలో విషయం ఉంది, దమ్ము ఉంది, గొంతు మాత్రం బిగుసుకుపోయి ముక్కులోకి ఎక్కింది. తాళంలో తొందర కనిపిస్తోంది. ముగింపు పలకడానికి ఇంత ఆత్రమెందుకని ఆయన ప్రశ్న.

అది అచ్చయిన వారంలోనే ఆదోని టీ అంగళ్లలో ఖాజాకు తల ఎత్తుకునే వీలు లేకుండా పోయింది. “ఏమప్పా ఖాజా, గొంతును బేల్‌లో కట్టి బొంబాయికి పంపినావా?” అని మిల్లు గేటు దగ్గర ఎవరో అన్నారట. క్యాసెట్టు కొన్నవాళ్లు వేసుకుని విని, అవును, ఇది ఖాజా గొంతు కాదు అన్నారు. మద్రాసు గాయకుడి కథ అక్కడ పుట్టింది.

ఖాజా ఆ కాగితం పట్టుకుని నా గదికి వచ్చాడు.

“అన్నా, నా క్యాసెట్టు పదిమార్లు ఇన్నాను. నాకు తప్పు కనపళ్లేదు. సెవుడు ఆయనకా, నాకా?”

రెండు కాదు, మూడో అవకాశం ఉందని ఆలోచించవలసిన చదువు నాది. నేను స్టెబిలైజరు వైపు చూపించాను. యంత్రంలో తప్పు ఉండదన్నాను. ఆ మూడు రోజులూ ఎండలు ఎక్కువ, గొంతు ఎండిపోయి ఉంటుందేమో అని కూడా అన్నాను.

“అట్లనా అన్నా,” అన్నాడు. కాగితం జేబులో పెట్టుకుని మెట్లు దిగి పోయినాడు.

ఆ తర్వాత బళ్లారి నుంచి ఒక కార్డు వచ్చింది. ప్రస్తుతం గాయకుడి అవసరం లేదని ఒకే వాక్యం. ఖాజా మళ్లీ మిల్లుకు పోవడం మొదలుపెట్టాడు.

హార్మోనియం

పది రోజుల తర్వాత మౌలాలి వచ్చాడు. భుజాన హార్మోనియం ఉంది. దాన్ని నా బల్ల మీద దించి, కూర్చోమన్నా కూర్చోకుండా అడిగాడు.

“సారూ, మూడో పాటలో హార్మోనియం నేనే వాయించినా. ఒకట్లో వాయించినా. మాస్టారు సెవికి ఖాజా ఒకట్లో లేడంటే, నా పెట్టె కూడా లేనట్లే కదా? ఖాజాకు దూది దుమ్ము పట్టిందనుకుందాం. దీనికేమి పట్టింది?”

ఎండకు గొంతు ఎండవచ్చు. హార్మోనియానికి గొంతు పోదు. అది లోహపు రేకు. అతను అడిగింది భౌతికశాస్త్రం ప్రశ్న, ఆ శాస్త్రం చదివింది నేను.

అప్పుడు చేయవలసిన పని చేశాం. ఖాజా ఇంటి నుంచి అతని క్యాసెట్టు, దుకాణం నుంచి ఇంకొకటి తెప్పించి, రెండింటినీ ఒకే టేపురికార్డరులో వేశాం. పక్కన మౌలాలి ‘ఒకటి’ మెట్టు నొక్కి పట్టుకున్నాడు. ఖాజా క్యాసెట్టు దానితో కలిసిపోయింది. దుకాణం క్యాసెట్టు ‘ఒకటి’ని దాటి ‘ఒకటిన్నర’ను చేరకుండా నిలబడింది, మాస్టారు రాసినట్టే. గడియారం పెట్టి చూస్తే నాలుగు నిమిషాల పాట దుకాణం క్యాసెట్టులో పది సెకన్లు ముందుగా అయిపోయింది. ఖాజా చెప్పిందీ నిజమే, మాస్టారు చెప్పిందీ నిజమే. ఇద్దరూ రెండు వేర్వేరు వస్తువులు విన్నారు. ఆ రెండింటినీ తయారుచేసింది నేను.

మిగిలిన ఆధారం విద్యుత్తు సబ్‌స్టేషన్‌లో దొరికింది. అక్కడి ఆపరేటరు నాగప్ప గంటగంటకూ కరెంటు కొలతలు రాసే పుస్తకం తెరిచి చూపించాడు. మేము రికార్డు చేసిన మూడు పొద్దుల్లోనూ ఫ్రీక్వెన్సీ గడిలో నలభై ఎనిమిది ఉంది. వాన పడిన రోజు యాభై.

కరెంటు సెకనుకు ఎన్ని ఊపులు ఊగుతుందన్నదే ఫ్రీక్వెన్సీ. నా స్పూలు యంత్రంలోని మోటారు సరిగ్గా ఆ ఊపులను బట్టే తిరుగుతుంది, నకళ్లు తీసే క్యాసెట్టు యంత్రానికి ఆ బెడద లేదు. ఊపులు తగ్గిన రోజు టేపు నెమ్మదిగా నడిచింది. అప్పుడే అదే యంత్రం మీద వింటే, అదీ నెమ్మదే గనుక తేడా తెలియదు. ఖాజా నకలు అప్పుడే తీశాను గనుక బాగుంది. ఊపులు పెరిగిన రోజున అదే స్పూలు వేగంగా తిరిగి, గొంతు పైకెక్కి, తాళం పరుగెత్తింది. నేను చూపించుకు తిరిగిన స్టెబిలైజరు వోల్టేజిని మాత్రమే సరిచేస్తుంది, ఊపుల లెక్కను అది ముట్టుకోదు. ఈ సంగతి నేను డిగ్రీ పరీక్షలో రాశాను. మంచి మార్కులు కూడా వచ్చాయి.

“వాన పడితే కరెంటు గుర్రం మాదిరి పోతాది సారూ. అందరికీ తెలిసిందే కదా,” అన్నాడు నాగప్ప.

అవును, అందరికీ తెలిసిందే. నాకూ తెలుసు. అందుకే ఆ రోజు నకళ్లు తీశాను.

ఎమ్మిగనూరు

జరిగింది బయటపెడితే నాకేమవుతుందో తెలియనివాణ్ణి కాదు. తప్పు ఒప్పుకుంటే, నేను పట్టిన ప్రతి టేపునూ జనం అనుమానిస్తారు, అందులో న్యాయం ఉంది కూడా. ఊరుకుంటే ఒక మనిషి గొంతు పోయినట్టే మిగిలిపోతుంది. ఎమ్మిగనూరు పోదామని ఖాజాను అడిగాను.

“నేను రాను. ఆయన ముందర నిలబడి గొంతు సూపించే పని నాకు లేదు. తప్పు గొంతుది కాదంటాండావు కదా. నువ్వే పో,” అన్నాడు.

హార్మోనియం, టేపురికార్డరు, రెండు క్యాసెట్లు తీసుకుని బస్సెక్కాను. మాస్టారి వీధిలో మగ్గాల చప్పుడు. ఆయన తలుపులు వేసి, తన శ్రుతిపెట్టె పక్కన పెట్టుకుని, రెండూ చివరిదాకా విన్నారు.

“నేను ఇన్నది తప్పు కాదు,” అన్నారు. “నువ్వు ఇనిపించింది తప్పు.”

ఒప్పుకున్నాను.

“ఆగప్పా. నాదీ ఒకటుంది. ఆ పాటలో హార్మోనియం మోగుతాంటే నేను గొంతు మీదనే సెవి పెట్టినా. పెట్టె కూడా తప్పిందని ఆ పొద్దే తెలియాల్సింది. యంత్రాన్ని అనడానికంటే మనిషిని అనడం సులువు. అందుకని మనిషిని అన్నాను.”

విమర్శను వెనక్కి తీసుకుంటారా అని అడిగాను. తీసుకోనన్నారు. విన్నదాన్ని విన్నట్టు రాసిన మాట అది, ఉండనీ అన్నారు. సరైన క్యాసెట్టు విని రెండోది రాస్తాననీ, దానికి ముందు నా ఉత్తరం నా పేరుతో అచ్చు కావాలనీ షరతు పెట్టారు. ఉత్తరం అక్కడే, ఆయన బల్ల మీదే రాశాను. మూడు చోట్ల ‘బహుశా’ అని రాస్తే ఆయన మూడింటినీ కొట్టేశారు.

చెడ్డ కరెంటు కోసం

ఆదోని, ఎమ్మిగనూరు, పత్తికొండ దుకాణాలు తిరిగి మిగిలిన క్యాసెట్లన్నీ వెనక్కి తెచ్చుకున్నాను. అమ్ముడైనవాటిని మార్చి ఇస్తానని బోర్డు పెట్టాను. సరైన నకళ్లు తీయాలంటే స్పూలు మళ్లీ నలభై ఎనిమిది దగ్గర తిరగాలి. అంటే నాకు కావలసింది చెడ్డ కరెంటు. ఊరంతా వాన కోసం చూస్తుంటే నేను ఎండ కోసం చూశాను. నాగప్ప పొద్దున్నే కబురు పంపేవాడు: ఈ దినం బాగాలేదు, రా సారూ అని. కబురును కూడా నమ్మకుండా, మౌలాలి హార్మోనియంతో స్పూలును సరిచూసి, కలిసిన రోజునే నకలు తీశాను. అట్లా రెండు నెలలు పట్టింది. ఒక్క క్యాసెట్టు కూడా సరిచూడకుండా బయటికి పోలేదు.

మాస్టారి రెండో విమర్శ వచ్చింది. గొంతు నిండుగా, నిలకడగా ఉందని రాశారు. రెండు పాటల్లో డ్రమ్ములు మాటలను మింగేశాయనీ, చివరి పాట నాలుగు వరుసలు ముందే ఆగి ఉంటే బాగుండేదనీ కూడా రాశారు. హోస్పేట నుంచి బసవరాజు, ‘నా దెబ్బ ఆయన సెవిదాకా పోయింది, చాలు’ అని కబురు పెట్టాడు. ఆ రెండు లోపాలూ నిజమైనవే. రికార్డు చేసేటప్పుడు నాకూ అనిపించాయి, చెప్పలేదు.

రెండో విమర్శను మొదటిదాన్ని చదివినంత మంది చదవలేదు. ఎంతమంది అని లెక్క నా దగ్గర లేదు. మిల్లు గేటు దగ్గర ఎగతాళి ఆగిపోవడానికి మాత్రం దాదాపు ఏడాది పట్టింది.

ఆ తర్వాత, నకలు తీసే రోజున వేగం సరిచూసుకోవడానికి, నేను పట్టిన ప్రతి టేపు మొదట్లోనూ పది సెకన్లు హార్మోనియం ‘ఒకటి’ మోగించి పెట్టాను. ఎన్నికల ఉపన్యాసానికి కూడా. నాయకుల అనుచరులు నవ్వేవాళ్లు. మీరు కూడా పెట్టండి. యంత్రం మీద ఎంత నమ్మకం ఉంటే అంత తప్పకుండా పెట్టండి. పాట బాగాలేదని ఎవరైనా అంటే, పాడినవాడి గొంతును అనుమానించే ముందు మీ చేతిలో ఉన్నదాన్ని అనుమానించండి. నేను ఆ వరుస తప్పాను.

తేలని ప్రశ్న

సరైన క్యాసెట్టు తీసుకుని బళ్లారి కూడా వెళ్లాను. ఆర్కెస్ట్రాకు అప్పటికే ఇంకొక గాయకుడున్నాడు. యజమాని క్యాసెట్టు తీసుకున్నాడు, మర్యాదగా మాట్లాడాడు, ఎప్పుడు తీసుకున్నారతన్ని అని అడిగితే జవాబు ఇవ్వలేదు. ఆ బృందంలోని తబలా వాయిద్యగాడు, మీ క్యాసెట్టు రాకముందే అతనితో మాట అయిపోయిందన్నాడు. అక్కడే పాడే ఒక గాయని, యజమాని మీ క్యాసెట్టు సగం పాట విని తీసేశాడనీ, ఆ తర్వాతే ఇంకొకరిని వెతికాడనీ చెప్పింది. ఇద్దరిలో ఎవరూ అబద్ధమాడవలసిన అవసరం నాకు కనిపించలేదు. ఖాజాకు వచ్చిన కార్డు మీద తేదీ లేదు, తపాలా ముద్ర నీళ్లు పడి చెరిగిపోయింది. తెలిసిన ఒకే ఒక మనిషి ఆ యజమాని. ఆయన చనిపోయాడు.

ఖాజా తర్వాత మిల్లు మానేసి పత్తి మార్కెట్ యార్డులో వేలం కేకలు వేసే పనికి కుదిరాడు. రెండుమార్లు ఈ ప్రశ్న అతని ముందు పెట్టాను. మొదటిమారు మాట మార్చాడు. రెండోమారు, “నాకు కావాల్సింది నా గొంతు పోలేదని. అది తేల్చినావు. మిగిలింది నీది, నువ్వే మోసుకో,” అన్నాడు.

తబలా అతని మాట నిజమైతే నా తప్పు క్యాసెట్ల వరకే. గాయని మాట నిజమైతే ఒక మనిషి బతుకుదారిని నేను మూసేశాను. నాకు ఊరటనిచ్చేది ఏదో నాకు తెలుసు, ఊరట సాక్ష్యం కాదన్నదీ తెలుసు. ఇన్నేళ్లు వెతికినా మూడో సాక్షి దొరకలేదు. కనుక తెలియదనే రాస్తున్నాను.